కాలదోషం పట్టనివ్వకండి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు గడువిచ్చారు. నేను మాట్లాడబోయేది గడువు గురించే కాబట్టి దానిని దాటకుండా చూసుకుంటాను. దాటితే గంట కొట్టవలసిందని ముందుగానే మనవి చేస్తున్నాను.

1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పునిచ్చింది. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదని, చేసిన సేవకు ప్రతిఫలంగా వచ్చిన హక్కని ఆ తీర్పు చెప్పింది. అందుకే ఈ రోజు మనం ఇక్కడ కూర్చున్నాం. హక్కుల గురించి నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా సెలవిచ్చారు. నా వంతుగా, హక్కు ఉండి కూడా అది ఎలా చేజారిపోతుందో చెబుతాను. పుస్తకంలో చదివింది కొంత, నా చేతులారా పోగొట్టుకుని తెలుసుకున్నది కొంత.

నేను ధవళేశ్వరంలో ఇరిగేషను ఆఫీసు గుమాస్తాగా చేరి, 33 ఏళ్ళు పనిచేసి, 2009లో రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం ఇన్‌వార్డు సెక్షను. వచ్చిన ప్రతి కాగితం మీద తేదీ ముద్ర కొట్టడం నా పని. ఏటా వేసవిలో కాలువలు కట్టేసే తేదీ ప్రకటించగానే దాళ్వా ఊడ్పులు ఆలస్యమైన రైతులు ఆఫీసుకు వచ్చేవారు. "బాబూ, ఇంకొక్క తడి" అని బతిమాలేవారు. వారి కష్టం నిజం. కానీ లాకులు దించాక నీరు ఎవరి కష్టాన్నీ చూసి రాదు. చట్టంలో గడువు కూడా అంతే.

మన జిల్లాల వారికి ఈ విషయం కొత్త కాదు. మన తాతలు ఇంగ్లీషు రాకపోయినా లిమిటేషను చట్టం తెలిసినవారు. ప్రోనోటు రాయించుకుంటే మూడేళ్ళలోపు ఎంతో కొంత జమ కట్టించి, నోటు వెనుక బాకీదారు చేత తేదీతో చెల్లు వేయించి, సంతకం పెట్టించేవారు. అలా చేస్తే ఆ తేదీనుండి మళ్ళీ మూడేళ్ళు. చేయకపోతే "నోటుకు కాలదోషం పట్టింది" అనేవారు. ఇప్పుడున్నది 1963 నాటి చట్టం, 1964 జనవరి 1 నుండి అమలులో ఉంది. అంతకుముందు 1908 నాటిది, దానికి ముందు 1877, 1871, 1859 నాటివి. ఇన్ని తరాలుగా ఉన్న చట్టమే. ప్రోనోటు చేతిలో ఉంటే మనకు గుర్తుంటుంది. నున్నటి కాగితం మీద నలభై పేజీల ఒప్పందం చేతికి రాగానే మరచిపోతాం. నేనలాగే మరచిపోయాను.

మా రెండోవాడు బీకాం చదివాడు. ఉద్యోగం కుదరలేదు. టిఫిను హోటలు పెడతానన్నాడు. మన ప్రాంతంలో తిండి వ్యాపారం చిన్నతనం కాదు. కాకినాడ సుబ్బయ్య గారి హోటలు భోజనం, తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు, రాజమండ్రి రోజ్‌మిల్క్ పేర్లు చెబితే చాలు, ఊరు గుర్తుకొస్తుంది. సొంతంగా చిన్నగా మొదలుపెట్టమన్నాను. వాడు ఒక కంపెనీ ప్రకటన చూపించాడు. ఫ్రాంచైజీ అంటారు. పేరు, బోర్డు, వంట పద్ధతి వారివి. అద్దె, సామాను, పనివాళ్ళు, పెట్టుబడి మనవి. అమ్మకంలో నూటికి ఇంత అని నెలనెలా వారికి రాయల్టీ కట్టాలి. సాంబారు పొడి, కారప్పొడులు, కాఫీపొడి వారి దగ్గరే కొనాలి. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. నేను చెప్పదలచుకున్నది వారి తప్పు గురించి కాదు, నా తప్పు గురించి.

2014 ఆగస్టు 18న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అయిదేళ్ళ కాలం. ఫీజు మూడు లక్షలు, అది తిరిగి రాదు. డిపాజిట్టు నాలుగు లక్షలు, అది ఒప్పందం ముగిశాక 90 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. నా గ్రాట్యుటీలో మిగిలినదంతా అందులోనే పెట్టాను. మూడు కిలోమీటర్ల లోపల మరొకరికి అదే పేరుతో హోటలు ఇవ్వబోమని కంపెనీ రాసిచ్చింది. దసరా నాడు ప్రారంభం చేశాం. ఏడాదిపాటు పెసరట్టు ఉప్మాకు ఉదయం ఏడింటికే జనం నిలబడేవారు.

2015 అక్టోబరులో మా హోటలుకు కిలోమీటరు దూరంలో అదే బోర్డుతో మరొకటి వెలిసింది. నెల తిరిగేసరికి మా అమ్మకం సగమైంది. మావాడు "నాన్నా, నోటీసు ఇద్దాం" అన్నాడు. నేను వద్దన్నాను. పెద్ద కంపెనీతో తగవెందుకు, మాట్లాడితే సరిపోతుంది అన్నాను. ఫోను చేశాను. మేనేజరు ఎంతో మర్యాదగా "తప్పకుండా చూస్తామండీ" అన్నాడు. సంక్రాంతి వెళ్ళాక ఒకనాటి రాత్రి ఒప్పందం తీసి మొదటినుండి చదివాను. ముప్పైఒకటో పేజీలో ఒక షరతు ఉంది. ఏ అభ్యంతరమైనా అది తలెత్తిన 60 రోజులలోగా వ్రాతపూర్వకంగా తెలపాలి, లేకపోతే ఆ హక్కు పోయినట్లే అని దాని భావం. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. 60 రోజులు దాటి పోయాయి. పోయింది కదా అనుకుని కాగితాలు మూసేశాను. ఆ సంగతి మావాడికి చెప్పలేదు. 33 ఏళ్ళు అందరి కాగితాల మీద తేదీలు కొట్టినవాడిని, మా కాగితం తేదీ చూసుకోలేదని కొడుకుతో ఎలా చెప్పను?

నష్టం భరించలేక 2016 మార్చి 31న హోటలు మూసేశాం. ఒప్పందం ముగిసినట్లు ఇద్దరూ సంతకాలు చేశారు. 90 రోజుల లెక్కన డిపాజిట్టు జూన్ 29 నాటికి రావాలి. రాలేదు. ఫోన్లు చేశాను. హైదరాబాదు రెండుసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ కాఫీ ఇచ్చారు, ఆడిటు అవుతోంది అన్నారు. వాడు కోర్టు అంటాడు, నేను ఓపిక అంటాను. అలా మూడేళ్ళు గడిచాయి. ఆఖరుకు 2019 ఆగస్టులో ఒక వకీలు గారి దగ్గరకు వెళ్ళాం. ఆయన ఒప్పందం చదివి చెప్పినది విని నేను కుర్చీలో కదలలేకపోయాను.

ఆయన చెప్పిన మొదటి మాట: ఆ 60 రోజుల షరతు చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 28వ సెక్షను అని ఒకటి ఉంది. చట్టం ఇచ్చిన గడువును కుదించి, ఇంతలోపే కోర్టుకు రావాలని రాసుకున్న షరతు చెల్లదని అది మొదటినుండీ చెబుతోంది. అయితే అందులో ఒక సందు ఉండేది. "కోర్టుకు రాకూడదు" అనకుండా "గడువు దాటితే హక్కే రద్దు" అని రాస్తే చెల్లుబాటయ్యేది. బీమా కంపెనీలు పాలసీలలో ఇలాగే రాసేవి. ఇది అన్యాయమని లా కమిషను 1984లో తన 97వ నివేదికలో చెప్పింది. ఆ తరువాత చట్టం సవరించారు. 1997 జనవరి 8 నుండి అటువంటి షరతు కూడా చెల్లదు. అంటే మేము సంతకం పెట్టేనాటికి ఆ సందు మూసి 17 ఏళ్ళయింది. నేను చెల్లని షరతు చూసి భయపడి, చెల్లే హక్కును వదులుకుని కూర్చున్నాను.

రెండో మాట: ఒప్పందం ఉల్లంఘించారని నష్టపరిహారం అడగడానికి మూడేళ్ళు గడువు. రెండో హోటలు 2015 అక్టోబరులో తెరిచారు, 2018 అక్టోబరుతో సరి. రోజురోజూ జరుగుతున్న ఉల్లంఘన అని వాదించినా 2016 మార్చి 31తో ఒప్పందమే ముగిసింది. దావా వేయడానికి అక్కడినుండి లెక్కపెడితే 2019 మార్చి 31. అది ఆదివారం, కోర్టుకు సెలవు కాబట్టి ఏప్రిల్ 1 సోమవారం దాకా. మేము వెళ్ళింది ఆగస్టులో. ఆ నష్టం ఆరు లక్షల పైమాటే. అది పోయింది.

మూడో మాట డిపాజిట్టు గురించి. 2016 జూన్ 29న ఇవ్వవలసింది, 2019 జూన్ 29తో దానికీ మూడేళ్ళు నిండాయి. "రెండు నెలల ముందు వచ్చినా బాగుండేది. వాళ్ళు బాకీ ఉన్నామని ఎప్పుడైనా రాసిచ్చారా?" అని అడిగారు. లేదన్నాను. అన్నీ ఫోను మాటలే గదా.

ఇంటికి వచ్చి ఈ మాట చెబితే మా ఇంటావిడ లేచి లోపలికి వెళ్ళింది. గ్యాసు పుస్తకం, పాల చీటీలు పెట్టుకునే రేకు డబ్బాలోనుంచి ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. 2018 జనవరి 12 తేదీతో కంపెనీ ఉత్తరం. మీ డిపాజిట్టు ఖాతా పరిశీలనలో ఉంది, మాకు రావలసినవి మినహాయించి మిగతాది చెల్లిస్తాం అని రెండు వాక్యాలు, కింద అధికారి సంతకం, ముద్ర. అది వచ్చిననాడు "ఇదీ కబుర్లే" అని నేను బల్లమీద పడేశాను. ఆవిడ దాచింది. ఇన్‌వార్డు గుమాస్తా నేను. ఫైలు చేసింది ఆవిడ.

ఆ కాగితమే మమ్మల్ని కాపాడింది. లిమిటేషను చట్టం 18వ సెక్షను ప్రకారం, గడువు తీరకముందే బాకీని ఒప్పుకుంటూ సంతకంతో రాసి ఇస్తే, ఆ తేదీ నుండి కొత్త గడువు మొదలవుతుంది. మొత్తం ఎంతో రాయకపోయినా, "ఇప్పుడే ఇవ్వలేం" అన్నా, "మాకూ రావలసినవి ఉన్నాయి" అన్నా అది ఒప్పుకోలు కిందికే వస్తుంది. మన తాతలు నోటు వెనుక వేయించిన చెల్లు, ఈ ఉత్తరం ఒకే కుదురు. డిపాజిట్టుకు 2021 జనవరి 12 దాకా ప్రాణం వచ్చింది.

ఒప్పందంలో తగవు వస్తే మధ్యవర్తి దగ్గరకు వెళ్ళాలని ఉంది. అటువంటి చోట ఇంకొక మెలిక. 1996 నాటి ఆర్బిట్రేషను చట్టం ప్రకారం మధ్యవర్తిత్వానికీ ఇదే లిమిటేషను చట్టం వర్తిస్తుంది. అయితే లెక్కకు వచ్చేది, మధ్యవర్తికి అప్పగించమని కోరుతూ మనం పంపిన నోటీసు అవతలివారికి అందిన తేదీ. మనం పోస్టు చేసిన తేదీ కాదు. 2019 సెప్టెంబరు 16న వారికి అందినట్లు ఎకనాలెడ్జిమెంటు కార్డు తిరిగి వచ్చింది. చివరకు మధ్యవర్తి దాకా పోకుండానే 2020 ఫిబ్రవరిలో 3 లక్షల 20 వేలు ఇచ్చి రాజీ పడ్డారు. మావాడు ఇప్పుడు తన పేరుతోనే ఒక చిన్న టిఫిను కొట్టు నడుపుకుంటున్నాడు. 60 రోజుల సంగతి దాచానని ఆ తరువాత వాడికి చెప్పాను. ఒక్క మాట అనలేదు. "పోనీలే నాన్నా" అన్నాడు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇక మీ అందరికీ పనికివచ్చే నాలుగైదు విషయాలు విడివిడిగా మనవి చేస్తాను. వీలైతే రాసుకోండి.

ఒకటి. గడువు తీరిన దావాను, అవతలివాడు ఆ మాట ఎత్తకపోయినా, కోర్టు తనంతట తానే కొట్టివేయాలి. అప్పీళ్ళకు, కొన్ని అర్జీలకు ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు. దావాలకు ఆ వెసులుబాటు లేదు. ఒంట్లో బాగాలేదు, ఇంట్లో పెళ్ళి, మేనేజరు మంచివాడు, ఇవేవీ పనిచేయవు. కరోనా సమయంలో సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుండి 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని లెక్కలోనుంచి తీసివేసింది. లోకమంతా ఆగిపోయిన విపత్తు కాబట్టి అలా చేసింది. ప్రతిసారీ అలా జరుగుతుందని ఆశపడకూడదు.

రెండు. మామూలు లాయరు నోటీసు ఇచ్చినంత మాత్రాన దావాకు గడియారం ఆగదు. నోటీసు ఇచ్చి జవాబు కోసం ఎదురుచూస్తూ గడువు దాటించుకున్నవారు ఉన్నారు. ఒకే ఒప్పందంలో ఒక్కొక్క బాకీకి ఒక్కొక్క తేదీ ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. మాకు ఒకటి పోయి ఒకటి దక్కింది అందుకే.

మూడు. చెల్లని షరతును చూసి బెదరకండి, అలాగని నిర్లక్ష్యమూ చేయకండి. 60 రోజుల్లో తెలియజేయమని ఉంటే ఆ 60 రోజుల్లోనే ఒక ఉత్తరం పంపండి. పోయేది పోస్టు ఖర్చు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులో పంపి, అందినట్లు రుజువు తీసుకుని దాచండి. ఫోనులో మాట్లాడితే అదేరోజు "మీరు ఇలా అన్నారు" అని రాసి పంపి, వారి జవాబు తెప్పించుకోండి. మనం రాసింది మన మాట మాత్రమే. వారు సంతకంతో ఒప్పుకున్నదే ఒప్పుకోలు.

నాలుగు. గడువు తీరితే కోర్టు తలుపు మూసుకుంటుంది గాని బాకీ తీరిపోయినట్లు కాదు. గడువు తీరిన బాకీని ఇస్తానని బాకీదారు కొత్తగా రాసి సంతకం చేస్తే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ప్రకారం ఆ మాట చెల్లుతుంది. కాబట్టి ఆలస్యమైందని కాగితాలు చించేయకండి.

అయిదు. వినియోగదారుల కమిషనుకు వెళ్ళేవారికి గడువు రెండేళ్ళే. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం అక్కడ ఉంది. కానీ వ్యాపార ఒప్పందాలను అక్కడ సాధారణంగా తీసుకోరు. కేవలం పొట్టపోసుకోవడానికి స్వయంగా చేసుకునే పని అయితే వేరే మాట. ఎక్కడికి వెళ్ళాలో ముందే అడిగి తెలుసుకోండి. మంచి నమ్మకంతో, శ్రద్ధగా, విచారణాధికారం లేని కోర్టులో తిరిగిన కాలాన్ని 14వ సెక్షను కింద మినహాయించవచ్చు. అయితే ఆ శ్రద్ధను మనమే రుజువు చేసుకోవాలి.

మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. కొందరు అక్కడ శాండ్‌విచ్ దుకాణాలు, హోటళ్ళు ఫ్రాంచైజీ మీద నడుపుతున్నారు. వారికి ఇక్కడి ధైర్యం చెప్పకండి. అక్కడ ఒప్పందంలో ఏడాదిలోపే దావా వేయాలని రాసుకుంటే చాలా రాష్ట్రాలలో చెల్లుతుంది. టెక్సాసులో రెండేళ్ళకు తగ్గించరాదు, ఫ్లోరిడాలో అసలు కుదించరాదు. రాష్ట్రానికొక పద్ధతి. సంతకానికి ముందే అక్కడి వకీలుకు చూపించమని ఫోనులో చెప్పండి.

చివరగా మన సొంత విషయం. పెన్షన్ తప్పుగా లెక్కకట్టితే నెలనెలా జరుగుతున్న అన్యాయం కాబట్టి ఎప్పుడైనా సరిచేయమని అడగవచ్చు. కానీ వెనుకటి బకాయిల మాట వేరు. 2008లో తర్సేం సింగ్ కేసులో, సైన్యంనుండి అనారోగ్యంతో బయటికి వచ్చి పదహారేళ్ళకు కోర్టుకెక్కిన ఆయనకు, పెన్షన్ హక్కు ఉందన్నా బకాయిలు మాత్రం కోర్టుకు వచ్చిన నాటికి ముందు మూడేళ్ళకే పరిమితం చేసింది సుప్రీంకోర్టు. మిగతా ఏళ్ళ సొమ్ము పోయినట్లే. మీ పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు ఒకసారి తీసి చూసుకోండి. తేడా కనబడితే వచ్చే సంవత్సరం చూద్దాం అనుకోకండి.

ఇంతకూ నేను చెప్పేది ఒక్కటే. మన తరం వారికి కాగితం అడగడం మోటుతనం అనిపిస్తుంది. ఎదుటివాడు కాఫీ ఇస్తే సంతకం అడగలేం. ఆ మొహమాటం ఖరీదు మా ఇంట్లో ఆరు లక్షలు. అది నా డబ్బు అయితే ఇంత బాధపడేవాడిని కాదు, మావాడి వయసులో అయిదేళ్ళు. ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే మీ ఇంట్లో ఉన్న ఒప్పందాలు, ప్రోనోట్లు, డిపాజిట్టు రసీదులు బయటికి తీయండి. ప్రతిదాని మీద పెన్సిలుతో మూడేళ్ళు నిండే తేదీ రాయండి. దానికి ఆరునెలల ముందు తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టండి. ఇంట్లో ఆడవారు దాచిన డబ్బాను మాత్రం వారిని అడగకుండా కదపకండి.

గంట కొట్టకముందే ముగించాననుకుంటాను.  సెలవు.